నల్లగొండ, పాలమూరు గాలిలో ఎఫ్ఎం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో ప్రైవేటు ఎఫ్ఎం రేడియో మీద ప్రశ్నలు పంపమని అడిగాం. ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల నుంచే వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబు ఇస్తున్నాం. కొన్నిటికి రెండు మాటలు చాలు, కొన్నిటికి లెక్కలు వేయక తప్పదు.

ప్రశ్న (నల్లగొండ, రిటైర్డు టీచరు): హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్ఎం వచ్చి ఇన్నేళ్లయింది. వరంగల్‌కు కూడా వచ్చింది. జిల్లా కేంద్రమైన మా ఊరికి ఎందుకు రాలేదు? కరెంటు లేదా, జనం లేరా?

జవాబు: కరెంటూ ఉంది, జనమూ ఉన్నారు సార్. అడ్డం పడింది ఫీజు లెక్క. ఈ దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం కథంతా సర్కారు ఆ ఫీజును ఏ పద్ధతిలో వసూలు చేసిందన్న దాని చుట్టే తిరిగింది. అందుకని మొదటి నుంచి చెప్పాలి.

ఎఫ్ఎం ప్రసారం మన దేశంలో 1977 జులై 23న మద్రాసులో ఆకాశవాణి మొదలుపెట్టింది. 1993లో ఢిల్లీ, బొంబాయిలతో మొదలుపెట్టి, తర్వాత మరికొన్ని నగరాల్లో, ఆకాశవాణి తన ఎఫ్ఎంలో కొన్ని గంటల్ని ప్రైవేటు సంస్థలకు అమ్మింది. ట్రాన్స్‌మిటర్ సర్కారుది, కార్యక్రమం వాళ్లది. 1998లో ఆ ఏర్పాటు ముగిసింది. మధ్యలో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక క్రికెట్ ప్రసారాల కేసులో, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద సర్కారుకు గుత్తాధిపత్యం ఉండరాదు అని తీర్పు ఇచ్చింది. ప్రైవేటుకు తలుపు తెరుచుకున్నది అక్కడే.

1999లో మొదటి దశ. 40 నగరాల్లో 108 ఛానళ్లను వేలానికి పెట్టారు. వేలం పాట ఎగబడి పాడారు. పాడినంత సొమ్మును ఏటా లైసెన్సు ఫీజుగా కట్టాలి, అదీ ఏడాదికి 15 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. మొదటి ఏడు కోటి రూపాయలకు పాడినవాడు ఐదో ఏడు కోటీ 75 లక్షలు, పదో ఏడు 3 కోట్ల 52 లక్షలు కట్టాలి. ప్రకటనల ఆదాయం ఏటా 15 శాతం పెరుగుతుందని ఎవరు రాసిచ్చారు? చాలామంది పాట పాడి కూడా వెనక్కు తగ్గారు. 2001 జులై 3న బెంగళూరులో రేడియో సిటీ మొదటి ప్రైవేటు స్టేషన్‌గా గాలిలోకి వచ్చింది గానీ, ఆ దశ మొత్తంలో నిలబడి నడిచినవి 12 నగరాల్లో 21 స్టేషన్లే.

2005 జులైలో రెండో దశ విధానం వచ్చింది. ఏటా పెరిగే ఫీజు తీసేశారు. ఒక్కసారి ప్రవేశ రుసుం కట్టి, ఆ తర్వాత స్థూల ఆదాయంలో 4 శాతం చెల్లిస్తే చాలన్నారు. కానీ దానికీ ఒక కనీస మొత్తం పెట్టారు. ఈ మార్పుతోనే స్టేషన్లు గబగబా పుట్టాయి. హైదరాబాదులో రేడియో సిటీ, రేడియో మిర్చి 2006లో వచ్చాయి. వరంగల్‌కు ప్రైవేటు స్టేషన్ దక్కింది కూడా ఈ దశలోనే.

2011లో మూడో దశ విధానం. లైసెన్సు కాలం పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెంచారు. 2015లో జరిగిన వేలంలో 56 నగరాల్లో 97 ఛానళ్లు అమ్ముడుపోయాయి. 2016 చివర్లో 92 నగరాల్లో 266 ఛానళ్లు పెడితే 66 మాత్రమే పోయాయి. అంటే నాలుగింట మూడు వంతులు మిగిలిపోయాయి. చిన్న ఊళ్లను కొనేవాడు లేడు. ఎందుకో ఒక ఉదాహరణ చూడండి. ఒక చిన్న పట్టణంలో స్టేషన్ ఏడాదికి 60 లక్షల ప్రకటనలు తెచ్చిందనుకోండి. 4 శాతం అంటే 2 లక్షల 40 వేలు. కానీ ప్రవేశ రుసుంలో రెండున్నర శాతం అంతకంటే ఎక్కువైతే అదే కట్టాలని మూడో దశ నియమం. రుసుం 2 కోట్లయితే అది 5 లక్షలు. ఆదాయం తక్కువున్న ఊరికే ఆ కనీసం గుదిబండ అయ్యింది.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఛానళ్ల వేలానికి ఒప్పుకుంది. వీటికి ఫీజు జీఎస్టీ మినహాయించిన స్థూల ఆదాయంలో 4 శాతం అని నిర్ణయించారు. తెలంగాణకు 10 పట్టణాల్లో 31 ఛానళ్లు. అందులో నల్లగొండకు 3, మహబూబ్‌నగర్‌కు 3, సూర్యాపేటకు 3. మొత్తం 730 ఛానళ్ల రిజర్వు ధర, అంటే వేలం మొదలయ్యే కనీస ధర, 784 కోట్ల 87 లక్షలు కాబట్టి, సగటున ఒక్కోదానికి కోటీ 7 లక్షల పైచిలుకు. ఇది సగటు మాత్రమే, పట్టణాన్ని బట్టి ధర మారుతుంది. మా అభిప్రాయం అడిగితే, కనీస మొత్తం ఊసు లేని ఈ 4 శాతం లెక్క పాతికేళ్ల కిందటే వచ్చి ఉంటే క్లాక్ టవర్ సెంటర్‌లో ఈపాటికి మీరు నల్లగొండ స్టేషనే వింటూ ఉండేవారు.

ప్రశ్న (నల్లగొండ, డిగ్రీ విద్యార్థిని): మూడు ఛానళ్లూ ఒకే కంపెనీ కొనేసుకోవచ్చా? మూడు కంపెనీలు వస్తే ఊళ్లో మూడు టవర్లు లేస్తాయా?

జవాబు: రెండింటికీ జవాబు కాదనే. ఒక ఊళ్లో మొత్తం ఛానళ్లలో 40 శాతానికి మించి ఒకరి చేతిలో ఉండకూడదు, కనీసం ముగ్గురు వేర్వేరు యజమానులు ఉండాలి. మూడే ఉన్నచోట తలా ఒకటి. ఇక టవరు అందరికీ ఒక్కటే. మూడు ట్రాన్స్‌మిటర్ల నుంచి వచ్చే సిగ్నళ్లను కంబైనర్ అనే పెట్టె కలిపి ఒకే ఆంటెన్నాకు పంపుతుంది. కలిసేటప్పుడు ఒకదాన్నొకటి పాడుచేయకుండా ఒకే ఊరి ఛానళ్ల మధ్య కనీసం 0.8 మెగాహెర్ట్జ్ ఎడం ఉంచుతారు. 91.1, 91.9, 92.7, 93.5 అంటూ అంకెలు వరసగా కనిపించేది అందుకే. ఈ ఉమ్మడి ఏర్పాటులో ఒక చిక్కుంది. ముగ్గురు పంచుకోవాల్సిన ఖర్చు, ఒక్కడే వస్తే వాడి నెత్తిన పడుతుంది.

ప్రశ్న (దేవరకొండ, రైతు): చలికాలం పొద్దున ఆరింటికి హైదరాబాదు ఎఫ్ఎం మా పొలంకాడ గంట కొట్టినట్టు వస్తది. తొమ్మిదయ్యేసరికి మాయం. రేడియోలో దోషమా?

జవాబు: రేడియో మంచిదే. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపు ఆనే దాకానే పోతుంది. భూమి గుండ్రం కాబట్టి కొంత దూరం పోయాక అది మీ తల మీదుగా ఆకాశంలోకి వెళ్లిపోతుంది. దీనికి ఒక మోటు లెక్క ఉంది. స్టేషన్ ఆంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలం, మీ రేడియో ఎత్తు వర్గమూలం కలిపి 4.12తో హెచ్చవేస్తే కిలోమీటర్లు వస్తాయి. ఆంటెన్నా 100 మీటర్లు, రేడియో 3 మీటర్ల ఎత్తులో ఉంటే 4.12 × (10 + 1.73), అంటే 48 కిలోమీటర్లు. అంతటితో గోడ కట్టినట్టు ఆగదు, ఇంకొంత దూరం బలహీనంగా వంగి వస్తుంది. షాద్‌నగర్, చౌటుప్పల్ దాకా బాగా వినపడి ఆ తర్వాత తగ్గిపోయేది ఇందుకే. దేవరకొండ 100 కిలోమీటర్లు దాటింది.

మరి పొద్దున ఎట్లా వచ్చింది? చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, పైన గాలి దానికంటే వెచ్చగా ఉంటుంది. మామూలుగా ఉండాల్సిన దానికి ఇది తలకిందులు. ఆ రెండు పొరల మధ్య తరంగం కాలువలో నీళ్లలాగ చిక్కుకుని నేల వంపును పట్టుకుని చాలా దూరం పోతుంది. ఎండ ఎక్కి గాలి కలిసిపోగానే కాలువ తెగిపోతుంది. గాలి కదలని, మంచు పట్టిన రోజుల్లో ఇది ఎక్కువ. ఈదురుగాలి ఉన్న రోజు రాదు. మీరు గమనించింది సరైనదే, కానీ దాన్ని నమ్ముకుని రోజూ వినలేరు.

ఇదే ప్రశ్న నల్లగొండ నుంచి కూడా వచ్చింది. అక్కడ మరో రెండు అడ్డంకులున్నాయి. హైదరాబాదు కంటే నల్లగొండ బాగా పల్లంలో ఉంది, దారిలో రాచకొండ గుట్టలున్నాయి. ఊళ్లో కూడా లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట నీడ పడే వీధుల్లో సిగ్నల్ చచ్చిపోతుంది. ఒక్కోసారి గుట్టకు తగిలి తిరిగొచ్చిన తరంగం, నేరుగా వచ్చిన తరంగం కలిసి గరగరమంటాయి. అలాంటప్పుడు రేడియోను రెండు మూడడుగులు పక్కకు జరిపితే బాగుపడుతుంది. ఎఫ్ఎం తరంగం పొడవే సుమారు 3 మీటర్లు కదా.

ప్రశ్న (జడ్చర్ల, ఎలక్ట్రికల్ షాపు): డాబా మీద ఆంటెన్నా కడితే హైదరాబాదు స్టేషన్లు నిలకడగా వస్తాయా? ఇంట్లో తయారు చేసుకునే పద్ధతి కొలతలతో చెప్పండి.

జవాబు: జడ్చర్ల సుమారు 85 కిలోమీటర్లు. నిలకడగా అని మాట ఇవ్వలేం, కానీ గరగరలో మునిగిపోయిన స్టేషన్ మాట అర్థమయ్యే స్థాయికి వస్తుంది. ముందే ఒక సంగతి: పై లెక్క ప్రకారం మీ ఆంటెన్నాను 3 నుంచి 10 మీటర్లకు లేపితే చూపు హద్దు పెరిగేది 6 కిలోమీటర్లే. లాభం ఎక్కువ వచ్చేది చుట్టూ ఉన్న గోడలు, చెట్లు, కరెంటు రొద తప్పినందుకు.

కావలసినవి: 10 లేదా 12 మిల్లీమీటర్ల అల్యూమినియం పైపు మీటరు 60 సెంటీమీటర్లు, అడుగున్నర పీవీసీ పైపు, డిష్‌కు వాడే ఆర్‌జీ-6 కేబుల్ అవసరమైనంత, రెండు స్టెయిన్‌లెస్ స్క్రూలు, రెండు రింగ్ లగ్‌లు (తీగ కొనకు వేసి స్క్రూ కింద బిగించే రింగులు), ఎంసీల్.

కొలత: 142.5ను స్టేషన్ అంకెతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. దాన్ని సగం చేస్తే ఒక్కో ముక్క. 91.1కు ముక్క 78 సెంటీమీటర్లు, 98.3కు 72.5, ఆకాశవాణి రెయిన్‌బో 101.9కు 70, వివిధ భారతి 102.8కు 69. అన్నీ వినాలంటే 73 దగ్గర కోయండి. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే కొంప మునగదు.

రెండు ముక్కల్నీ ఒకే గీతలో, మధ్యలో 2 సెంటీమీటర్ల సందుతో పీవీసీ పైపుకు బిగించండి. కేబుల్ లోపలి రాగి తీగ ఒక ముక్కకు, పైన అల్లిక రెండో ముక్కకు. అల్యూమినియానికి మామూలు టంకం పట్టదు, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. లగ్ వేసి స్క్రూతోనే బిగించాలి. ఆ తర్వాత ఆంటెన్నా కిందనే కేబుల్‌ను 10 సెంటీమీటర్ల వెడల్పు చుట్టలుగా ఆరు చుట్లు చుట్టి టేపు వేయండి. ఈ చుట్ట లేకపోతే కేబుల్ అల్లిక కూడా ఆంటెన్నాలాగ పనిచేసి ఇంట్లోని కరెంటు రొదనంతా పైకి లాక్కొస్తుంది. అతుకు మీద ఎంసీల్ దట్టంగా పూయండి. ఒక్క వానకు కేబుల్‌లోకి నీళ్లు దిగితే రాగి పచ్చబడి, పండుగ నాటికి ఆంటెన్నా ఉన్నా లేనట్టే.

దిక్కు: ఇలాంటి ఆంటెన్నా రెండు పక్కల నుంచి వింటుంది, కొనల వైపు చెవుడు. జడ్చర్లకు హైదరాబాదు ఉత్తరాన, కొంచెం తూర్పుకు ఉంటుంది. కాబట్టి పైపులు దాదాపు తూర్పు పడమరలుగా ఉండాలి. మిర్యాలగూడ వాళ్లకు హైదరాబాదు వాయవ్యం, కాబట్టి పైపులు ఈశాన్యం నుంచి నైరుతికి. ఒకరు పైన తిప్పుతూ, ఒకరు కింద వింటూ ఆఖరున సరిచేసుకోవడమే మంచిది.

రేడియోకు ఆంటెన్నా సాకెట్ లేకపోతే, రాగి తీగను మొసలి క్లిప్పుతో రేడియో కడ్డీకి తగిలించి, అల్లికను బ్యాటరీ మైనస్‌కు కలపండి. కరెంటు మీద నడిచే పాత సెట్టుకు ఈ పని చేయొద్దు, లోపల మెయిన్స్ తగిలే ప్రమాదం ఉంది.

కట్టాక కూడా రొద వస్తే ముందు అనుమానించాల్సింది ఎల్ఈడీ బల్బులు, నాసిరకం ఛార్జర్లు. బ్యాటరీ రేడియో పెట్టుకుని ఇంట్లో ఎంసీబీలు (మెయిన్ బోర్డు మీది మీటలు) ఒక్కొక్కటే దించి చూడండి, దొంగ దొరుకుతాడు. సెట్టులో స్టీరియో, మోనో మీట ఉంటే మోనోలో పెట్టండి. బలహీనమైన సిగ్నల్‌కు ఈ ఒక్క మీట చేసే మేలు ఏ బూస్టరూ చేయదు. కేబుల్ టీవీ బూస్టర్ మాత్రం కొనకండి. అది సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది. చివరిగా, 11 కేవీ లైనుకు విరిగి పడినా తగలనంత దూరంలో కట్టండి. ఉరుములు మొదలవకముందే కేబుల్ ఊడదీసి కిటికీ బయట పెట్టండి.

ప్రశ్న (షాద్‌నగర్): ఒకే స్టేషన్ డయల్ మీద మూడు చోట్ల వస్తోంది.

జవాబు: సిగ్నల్ మరీ బలంగా ఉండి చవక రేడియో ఉక్కిరిబిక్కిరి అవుతోంది. కడ్డీని లోపలికి దించండి, సరిపోతుంది.

ప్రశ్న (మిర్యాలగూడ, బట్టల షాపు): మా ఊరి పక్కన స్టేషన్ వస్తే ప్రకటన ఇవ్వాలనుకుంటున్నా. ఎట్లా అమ్ముతారు, మోసపోకుండా ఏం చూడాలి? ఇప్పుడే హైదరాబాదు స్టేషన్‌లో ఇస్తే లాభమా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు: వద్దు. హైదరాబాదు స్టేషన్ ధర హైదరాబాదు జనాన్ని చూసి పెట్టింది. వాళ్లలో మిర్యాలగూడకు చీర కొనడానికి వచ్చేది ఎందరు? ఆ స్టేషన్ మీ ఊళ్లో సరిగ్గా వినబడదు కూడా. స్థానిక స్టేషన్ అవసరం శ్రోతల కంటే మీవంటి షాపులకే ఎక్కువని మేం అనేది ఇందుకే.

రేడియోలో సరుకు సెకన్లు. 10 సెకన్లు ఒక యూనిట్. తెలుగులో 10 సెకన్లకు తీరిగ్గా చదివితే 15 నుంచి 20 మాటలు పడతాయి. షాపు పేరు, ఎక్కడ, ఏముంది, ఎప్పటిదాకా అన్న నాలుగు సంగతులకు 20 సెకన్లు కావాలి. ఫోన్ నంబరు చదివించకండి. బండి నడుపుతూ వినేవాడు పది అంకెలు రాసుకోలేడు. "బస్టాండు ఎదురుగా" అన్న రెండు మాటలు పది అంకెల కంటే విలువైనవి.

లెక్క ఇట్లా ఉంటుంది. 20 సెకన్ల ప్రకటన, రోజుకు 10 సార్లు, 15 రోజులు: 150 సార్లు, అంటే 300 యూనిట్లు. యూనిట్ 50 రూపాయలనుకుంటే 15 వేలు, జీఎస్టీ 18 శాతం కలిపి 17,700. ఈ 50 ఉదాహరణకు అనుకున్నదే, ధర ఊరిని బట్టి, వేళను బట్టి మారుతుంది. పొద్దున 7 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 9 ఖరీదైన వేళలు. ఒప్పందంలో "రోజు మొత్తంలో ఎప్పుడైనా" అని రాసి ఉంటే మీ ప్రకటన మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండింటికి పోతుంది. కాబట్టి సగం ఖరీదైన వేళల్లో ఉండాలని ముందే రాయించుకోండి.

ఇంకో పొరపాటు: డబ్బు తక్కువుందని నెలంతా రోజుకు రెండు సార్లు పలచగా చల్లడం. అది ఇసుకలో నీళ్లు పోసినట్టు. అదే 60 సార్లను బతుకమ్మ, దసరాకు ముందు ఆరు రోజుల్లో రోజుకు పది చొప్పున వేయండి. పని అయ్యాక బిల్లుతో పాటు ప్రసార ధ్రువపత్రం అడగండి. ఏ తేదీన ఏ నిమిషానికి మీ ప్రకటన పోయిందో కంప్యూటర్ లాగ్ నుంచి తీసి ఇస్తారు. షాపులో రేడియో పెట్టుకుని అందులోంచి నాలుగైదు సమయాలను మీరే సరిచూసుకోవచ్చు. తప్పిన వాటికి డబ్బు వాపసు కంటే రెట్టింపు సార్లు వేయించుకోవడం తేలిక.

ప్రశ్న (మహబూబ్‌నగర్): వ్యాపార ప్రకటనల రేడియో అంటే ప్రైవేటు ఎఫ్ఎంతోనే మొదలైనట్టా? నైజాం కాలంలో మనకు రేడియో ఉండేదంటారు, నిజమేనా?

జవాబు: ఉండేది. దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వ రేడియోగా ప్రసారాలు మొదలుపెట్టింది. ప్రధానంగా ఉర్దూ, దాంతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా వినిపించేవి. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. అది మీడియం వేవ్ (ఎఫ్ఎం కంటే చాలా పొడవైన తరంగం), కాబట్టి గుట్టలు దాటి పాలమూరు, నల్లగొండ పల్లెలకు కూడా చేరగలిగేది. ఇప్పటికీ హైదరాబాదు ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్‌లో ఎఫ్ఎం అందని మూలలకు చేరేది ఆ గుణంతోనే.

ప్రకటనల సంగతికి వస్తే, 1950లలో ఆకాశవాణి సినిమా పాటలను తగ్గించినప్పుడు జనం రేడియో సిలోన్ వైపు తిప్పుకున్నారు. అది ప్రకటనలతో నడిచే స్టేషన్. దానికి జవాబుగా 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చింది. దానిలో ప్రకటనలు మాత్రం 1967 నవంబరు 1న, బొంబాయి, పుణె, నాగపూర్‌లలో మొదలయ్యాయి. కాబట్టి మనవాళ్ల చెవులకు ప్రకటనల రుచి ప్రైవేటు ఎఫ్ఎం కంటే ఒక తరం ముందే తెలుసు.

ప్రశ్న (సూర్యాపేట): ప్రైవేటు ఎఫ్ఎంలో మా మార్కెట్ యార్డు వార్తలు చదవొచ్చా?

జవాబు: వార్తలు సొంతంగా చదవడానికి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఒక్క ముక్క మార్చకుండా అలాగే వినిపించడానికి మాత్రమే అనుమతి. అయితే వార్తల కింద లెక్కకు రానివి చాలా ఉన్నాయి: ట్రాఫిక్, వాతావరణం, స్థానిక ఉత్సవాలు, పరీక్షలు, ఫలితాలు, కాలేజీ అడ్మిషన్లు, ఉద్యోగ ప్రకటనలు, కరెంటు కోత, నీటి సరఫరా, ఆరోగ్య హెచ్చరికలు, ప్రకృతి వైపరీత్యాలు. తెలివైన ప్రోగ్రామ్ మేనేజర్ ఈ జాబితాతోనే పొద్దున నాలుగు గంటలు నింపుతాడు. మిర్యాలగూడ రోడ్డు మీద ధాన్యం లారీలు ఎక్కడిదాకా నిలిచాయో చెప్పడం ట్రాఫిక్ సమాచారమే కదా. ఎందుకు నిలిచాయో, ఎవరి తప్పో మాట్లాడితే అది వార్త అవుతుంది. గీత అక్కడుంది.

ప్రశ్న (నాగర్‌కర్నూల్, మహిళా సంఘం): కోట్లు పెట్టే కంపెనీలు మా దగ్గరికి రావు. మేమే పెట్టుకోవచ్చా?

జవాబు: వ్యాపార స్టేషన్ కాదు గానీ, కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చమ్మా. దారి చూపినవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియో 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్‌లో మొదలైంది. నడిపేది దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు.

దీనికి వేలం లేదు. అర్హత విద్యాసంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు, కనీసం మూడేళ్లుగా రిజిస్టరై పనిచేస్తున్న లాభాపేక్ష లేని సంస్థలకు. విడి మనుషులకు, పార్టీలకు, లాభం కోసం నడిచే సంస్థలకు ఇవ్వరు. మీ సంఘం ఒక రిజిస్టర్డు సొసైటీ కింద ఉంటే ఆ సొసైటీ పేరు మీదే దరఖాస్తు చేయాలి. సమాచార ప్రసార శాఖ పరిశీలించి ఉద్దేశ పత్రం (లెటర్ ఆఫ్ ఇంటెంట్) ఇస్తుంది. తర్వాత తరంగం కేటాయింపు, మాస్టు (ఆంటెన్నా స్తంభం) పెట్టే చోటుకు అనుమతి, ఆఖరున ఒప్పందం, వైర్‌లెస్ లైసెన్సు. ఇవి వరసగా జరగాలి, ముందే ట్రాన్స్‌మిటర్ కొని కూర్చోకండి. తరంగం ఏది వస్తుందో తెలియకుండా ఆంటెన్నా కొలత తెలియదు.

శక్తి 100 వాట్లకు మించరాదు, మాస్టు నేల నుంచి 15 నుంచి 30 మీటర్లు. 30 మీటర్లకు పై సూత్రం వేసి, రేడియో ఎత్తు 2 మీటర్లు అనుకుంటే చూపు హద్దు 28 కిలోమీటర్లు వస్తుంది. కానీ 100 వాట్లు అంత దూరం బలంగా నిలవవు. 10 నుంచి 15 కిలోమీటర్లు అనుకోండి. 100 వాట్లు అంటే ఆంటెన్నా నుంచి బయటికి పోయే లెక్క. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్‌ను రెండింతలు చేసే ఆంటెన్నాకు కలిపినా, కేబుల్‌లో పోయేది తీసేస్తే దాదాపు అంతే. చిన్న ట్రాన్స్‌మిటర్, మంచి ఆంటెన్నా పెట్టడమే తెలివి. కరెంటు బిల్లూ తగ్గుతుంది, వేడికి పాడయ్యేదీ తగ్గుతుంది.

సెట్టు ఇంత: రెండు కంప్యూటర్లు, ఒక మిక్సర్, మూడు మైకులు, ట్రాన్స్‌మిటర్, కేబుల్, మాస్టు, ఆంటెన్నా, ఇన్వర్టర్. అన్నీ కలిపి 450 వాట్ల దాకా లాగుతాయి. ఒక 150 ఏహెచ్ బ్యాటరీ మీద రెండున్నర గంటలు నడుస్తాయి, పాత బ్యాటరీ అయితే గంటన్నర. గదికి వేల రూపాయల నురుగు పలకలు అక్కర్లేదు. గోడలకు దుప్పట్లు, నేలకు జంపఖానా వేసినా గది మోగడం తగ్గిపోతుంది. ఏసీ చప్పుడు, గేదెల కొట్టం, ఫ్యాను ఈ మూడింటికీ దూరంగా గది చూసుకోండి.

ఎర్తింగ్ మాత్రం చవకగా కానివ్వకండి. నాగర్‌కర్నూల్ రాతి నేలలో ఒక గుంత చాలదు. మాస్టుకు విడిగా, పరికరాలకు విడిగా గుంతలు తవ్వి, ఉప్పు, బొగ్గు పోసి, రెండింటినీ రాగి పట్టీతో కలపాలి. కలపకపోతే పిడుగు పడ్డప్పుడు రెండు ఎర్తుల మధ్య వోల్టేజి తేడా పుట్టి, ట్రాన్స్‌మిటర్ గుండానే దూకుతుంది. చిన్న స్టేషన్లు మొదటి వానాకాలంలో మూగబోయేది ఎక్కువగా ఈ తప్పుతోనే.

ఆదాయానికి గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేయొచ్చు. 2024 నియమాల్లో 10 సెకన్లకు 74 రూపాయల రేటు పెట్టారు. కార్యక్రమాల్లో కనీసం సగం మీ ప్రాంతంలో తయారైనవే ఉండాలి. మీకు అది కష్టం కాదు, పాలమూరు పాటకు కొదవ ఉందా?

ప్రశ్న (వనపర్తి, ఐటీఐ విద్యార్థి): ఆన్‌లైన్‌లో చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కిట్ దొరుకుతోంది. ఊరంతా వినిపించేలా పెట్టొచ్చా అన్నా?

జవాబు: వద్దు తమ్ముడూ. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడమే నేరం. బీహార్‌లో మన్సూర్‌పూర్ అనే పల్లెలో ఒక యువకుడు ఇట్లాగే చవక పరికరంతో స్టేషన్ నడిపి ఊళ్ల మెప్పు పొందాడు. 2006లో అధికారులు దాన్ని మూయించారు. చట్టం ఒక్కటే కాదు, భద్రత కూడా ఉంది. ఎఫ్ఎం పట్టీ 108 మెగాహెర్ట్జ్‌తో ముగుస్తుంది, విమానాలకు దారి చూపే సిగ్నళ్లు సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతాయి. చవక కిట్‌లో ఫిల్టర్ ఉండదు. మీరు 100లో పెట్టామనుకున్నది పక్కనా, రెట్టింపు దగ్గరా కూడా చిమ్ముతుంది. ఆసక్తి ఉంటే అమెచ్యూర్ రేడియో (హామ్ రేడియో) పరీక్ష రాయండి, ట్రాన్స్‌మిటర్ కట్టడం చట్టబద్ధంగా నేర్చుకోవచ్చు.

ప్రశ్న (గద్వాల): ఇంటర్నెట్ రేడియో పెడితే ఈ బాధలు లేవు కదా?

జవాబు: తరంగం లైసెన్సు బాధ లేదు, పాటల బాధ ఉంది. ఎఫ్ఎం స్టేషన్లకు చట్టం నిర్ణయించిన రాయల్టీ పద్ధతి ఉంది. 2010లో కాపీరైట్ బోర్డు దాన్ని 2020 దాకా నికర ప్రకటన ఆదాయంలో 2 శాతంగా పెట్టింది. ఇంటర్నెట్‌కు ఆ వెసులుబాటు వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది. అంటే ప్రతి మ్యూజిక్ కంపెనీతో విడిగా మాట్లాడుకోవాలి. మాటలు, మీ సొంత జానపదాల రికార్డింగులు మాత్రమే వేస్తే చిక్కు లేదు.

ప్రశ్న (కోదాడ): కొత్త ఫోన్‌లో ఎఫ్ఎం యాప్ ఉంది గానీ పలకడం లేదు.

జవాబు: తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టారా? ఫోన్‌కు ఆ తీగే ఆంటెన్నా. బ్లూటూత్‌తో రాదు. 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేని ఫోన్‌కు టైప్-సి మార్పిడి ముక్క వాడితే చాలాసార్లు తీగ చిప్‌కు తగలదు, అప్పుడూ పలకదు. ఇంకొన్ని ఫోన్లలో చిప్ ఉన్నా కంపెనీ దాన్ని మూసి పెడుతుంది. వరదలు, తుపానులప్పుడు పనికొస్తుందని, ఎఫ్ఎంను తెరిచి ఉంచమని 2023లో కేంద్రం ఫోన్ తయారీదారులకు సూచించింది. కొనేముందు షాపులోనే ఇయర్‌ఫోన్ పెట్టి, వైఫై, డేటా రెండూ ఆపి స్టేషన్ వెతికించండి. డేటా ఆపకపోతే యాప్ ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చి వినిపించి, ఎఫ్ఎం ఉన్నట్టే భ్రమ పెడుతుంది.